నలభై ఒకటో టోకెన్

కిందటి వారం లింబాద్రిని మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందా? ఖమీస్ ముషైత్ ఊరి బయట, చైనా కంపెనీ కడుతున్న పన్నెండంతస్తుల భవనం పక్కన, క్యాంపు క్లినిక్ గుమ్మం ముందు. చేతిలో అంటించిన కవరు. పదకొండేళ్లు నేల మీద నిలబడి క్రేన్‌కు చేతులతో సైగలు చేసిన మనిషికి, ఇప్పుడు ఆ క్రేన్ ఎక్కి తానే నడిపే రోజు దగ్గరపడింది. పరీక్షలన్నీ పాసయ్యాడు. ఒక్క మెడికల్ ఫిట్‌నెస్ కార్డు చేతికి రావాలి. కానీ పెద్దమనిషికి రెండేళ్లుగా షుగరు. ఆర్మూరులో ఉన్న భార్య శ్రీలతకు తప్ప ఇంకెవరికీ ఆ సంగతి తెలియనివ్వలేదు. మాత్రలు కూడా తలగడ గలేబులో దాచుకుని మింగుతున్నాడు.

అందుకే గురువారం పొద్దున మెడికల్ టెంటులో ఆ ఘనకార్యం చేశాడు. క్రేన్ నడిపే షెన్ షిఫూ, లైనులో తన వెనకే నిలబడ్డవాడు, ఫ్లాస్కులో వేడినీళ్లు నింపుకొస్తానని తన టోకెన్ లింబాద్రి చేతికిచ్చి వెళ్లాడు. తిరిగొచ్చాక లింబాద్రి అతనికి నలభై రెండు ఇవ్వకుండా తన నలభై ఒకటి ఇచ్చాడు. ఏ నంబరు ఎవరిదో రిజిస్టరులో ముందే రాసేశారు. అలా షిఫూ రక్తం లింబాద్రి పేరు మీదికీ, లింబాద్రి రక్తం షిఫూ పేరు మీదికీ వెళ్లిపోయాయి. చైనా వాళ్లు పనిలో ఆరితేరిన పెద్దవాణ్ణి షిఫూ అంటారు. ఈ షిఫూ యాభై మూడేళ్ల బక్కపలచని మనిషి. రాత్రి అన్నం తినగానే గంటసేపు నడుస్తాడు. చక్కెర చాయ్ ముట్టడు, వేడినీళ్లే తాగుతాడు. ఇంతకంటే నికార్సయిన రక్తం సౌదీ మొత్తం గాలించినా దొరకదని లింబాద్రి ధీమా.

ఆ ధీమాతోనే ఆదివారం పొద్దున క్లినిక్‌లోకి అడుగుపెట్టాడు. అతన్ని బండిలో తీసుకొచ్చిన డ్రైవర్ ఇస్సాక్ మాత్రం లోపలికి రానన్నాడు.

"నువ్వు పోయి రా లింబన్నా. నాకా మందుల వాసన పడదు. నేనీడనే బండిలో కూచొనుంటా," అని అద్దం కూడా పైకెత్తుకున్నాడు. రాయచోటి మనిషి, మామూలుగా నోరు మూస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు వాగుతూనే ఉంటాడు. ఈ మూడు రోజులుగా మాత్రం ఎందుకో ముభావంగా ఉన్నాడు. లింబాద్రి తన గొడవలో పడి అది పట్టించుకోలేదు.

నర్సు అఫ్షాన్ కవరు చింపి కాగితం తీసింది. హైదరాబాద్ మలక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి, ఎంతటివాడినైనా ముందు తిట్టి తర్వాత నవ్విస్తుంది. ఇప్పుడు ఆ రెండూ చేయలేదు.

"లింబాద్రి భాయ్, కూర్చోండి."

"గట్ల చూస్తున్నరేంది సిస్టర్? అంత మంచిగనే ఉన్నదిగద?"

"మంచిగ లేదు. ఫాస్టింగ్ రెండొందల ఎనభై ఆరు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా పది దాటింది. ఇంత షుగర్ పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నారు మీరు? క్రేన్ క్యాబిన్ మాట ఇప్పుడైతే మర్చిపోండి. అన్‌ఫిట్."

లింబాద్రికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. బల్ల మీద పక్కన షిఫూ పేరున్న కవరు కనబడుతోంది.

"షిఫూకెంతొచ్చింది సిస్టర్?"

"ఒకరి రిపోర్టు ఇంకొకరికి చెప్పకూడదు," అంది అఫ్షాన్. అని ఊరుకోలేకపోయింది. "ఆయనకేం, ఫస్ట్ క్లాస్. నూట పన్నెండు. ఆయన్ని చూసి నేర్చుకోండి కొంచెం."

నూట పన్నెండు! అది తన రక్తం. రెండేళ్ల కింద రెండొందల నలభై చూపించిన తన రక్తం. షిఫూ ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి గది తలుపు కొట్టి, "నడు లింబా, నడు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిన నడకకు దిగి వచ్చిన షుగరు అది. లింబాద్రి నేర్పిన తెలుగు మాటల్లో షిఫూ నోటికి బాగా పట్టింది ఆ ఒక్క 'నడు'.

"నూట పన్నెండుంటే కార్డిస్తరా సిస్టర్? మాత్రలు మింగేటోనికైనా?"

"ఎందుకివ్వరు? మందులతో కంట్రోల్‌లో ఉంటే క్యాబిన్‌కి అడ్డం లేదు. రూల్‌లోనే ఉంది. ఎవ్వరూ చదవరు కదా!"

లింబాద్రికి నవ్వు ముంచుకొచ్చింది. నెత్తి కొట్టుకుంటూ నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మోసం చేయకపోయి ఉంటే ఈపాటికి కార్డు జేబులో ఉండేది. అంత తెలివితక్కువ మోసం నిజామాబాద్ జిల్లా చరిత్రలో ఎవడూ చేసి ఉండడని అతనికే అనిపించింది. అఫ్షాన్ అతన్ని వింతగా చూసింది. రిపోర్టు చూసి ఏడ్చేవాళ్లను చూసింది, అలిగేవాళ్లను చూసింది గానీ, ఇలా నవ్వేవాణ్ణి చూడలేదు.

"నవ్వింది చాలు. నేను అడిగింది చెప్పండి. దాహం బాగా వేస్తుందా?"

లేదని చెప్పబోయి లింబాద్రి ఆగిపోయాడు. షిఫూ ఫ్లాస్కు కళ్ల ముందు కనబడింది. నిరుడు పొద్దున్నించి సాయంత్రం దాకా రెండు ఫ్లాస్కులు తాగేవాడు. ఇప్పుడు అయిదు. చైనా వాళ్ల అలవాటే అంత అని అందరూ నవ్వుకున్నారు.

"బాత్‌రూంకి ఎక్కువసార్లు పోతున్నారా?"

అరవై మీటర్ల క్రేన్ నిచ్చెన. దాన్ని ఒక షిఫ్టులో నాలుగుసార్లు దిగి, నాలుగుసార్లు ఎక్కుతున్నాడు షిఫూ. ముసలోడికి కింద ఏదో పిల్ల కనబడుతున్నట్టుందని ఇస్సాక్ వెక్కిరించాడు. లింబాద్రి కూడా పగలబడి నవ్వాడు.

"ఒళ్లు తగ్గిందా? కళ్లు మసకబారుతున్నాయా?"

షిఫూ బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పొడిపించుకున్నాడు. నడకతో సన్నబడ్డానని మురిసిపోయాడు.

"సిస్టర్," అన్నాడు లింబాద్రి. నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. "బక్కగ ఉన్నోనికి గూడ షుగర్ వస్తదా? తీపి తిననోనికి? రోజు నడిచేటోనికి?"

"ఎందుకు రాదు? మనవాళ్లకి, చైనా వాళ్లకి అదే గొడవ. పైకి సన్నగానే ఉంటారు. కొవ్వంతా లోపల లివర్ చుట్టూ చేరుతుంది. ప్రపంచంలో షుగర్ పేషెంట్లు అందరికంటే ఎక్కువ వాళ్ల దేశంలోనే. సగం మందికి ఉన్నట్టే తెలీదు. నడిస్తే మంచిదే, కానీ ఒక్క నడకతో ఆగుతుందా? మందు కావాలి కదా." ఆమె కాగితం మీద ఏదో రాసింది. "సరే, భయపడకండి. మూడు నెలలు మందులు వాడండి, తగ్గించుకొని రండి. అప్పుడు మళ్లీ టెస్ట్ చేసి కార్డిస్తాం."

ఎంత తేలిగ్గా దారి దొరికిందో చూడండి! నోరు మూసుకుంటే చాలు. మూడు నెలల తర్వాత తన రక్తం తానిచ్చి, కార్డు తీసుకుని క్యాబిన్ ఎక్కొచ్చు. నోరు తెరిస్తే మెడికల్‌లో మోసం చేసినవాడని సంతకం పెట్టించి, ఖురూజ్ కొట్టి ఇంటికి పంపినా పంపుతారు. ఖురూజ్ అంటే ఇక మళ్లీ తిరిగి రాని ప్రయాణం. లింబాద్రి ఒక నిమిషం ఆ మెత్తటి దారి వైపు చూశాడు. చూడలేదని చెబితే అబద్ధమవుతుంది.

అంతలో తలుపు తోసుకుని షిఫూ వచ్చాడు. పసుపు హెల్మెట్, చంకలో ఫ్లాస్కు. నిచ్చెన దిగి తిన్నగా బాత్‌రూంకు వెళ్లి, అట్నుంచి ఇటు వచ్చాడు. అఫ్షాన్ అతని కవరు తెరిచి బొటనవేలు పైకెత్తి చూపించింది. షిఫూ మొహం వెలిగిపోయింది. నూట పన్నెండును చైనా భాషలో పైకి చదువుకున్నాడు. జేబులోంచి ఖర్జూరం కూరిన, మామూల్ అనే అరబ్బీ బిస్కెట్ల డబ్బా తీశాడు. పండగ చేసుకుందామని ముందే కొని పెట్టుకున్నాడు కాబోలు. సిస్టర్‌కొకటి, లింబాద్రికొకటి ఇచ్చి, మూడోది నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

లింబాద్రి ఎగిరి ఆ బిస్కెట్ లాక్కున్నాడు. అది నలిగి గది నిండా పొడి పొడి అయింది.

"తినకు షిఫూ! గా నూట పన్నెండు నీది కాదు. నాది!"

షిఫూ చేతి వైపు చూసుకున్నాడు, నేల మీది పొడి వైపు చూశాడు, లింబాద్రి వైపు చూశాడు. అఫ్షాన్ లేచి నిలబడింది.

ఈ ఇద్దరూ మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది. పని మాటలు హిందీ, అరబ్బీ కలిపి నడిచిపోతాయి. మనసులో మాటైతే షిఫూ ఫోన్ బయటికి వస్తుంది. ఒకరు తమ భాషలో చెబితే అందులో ఉన్న ఆడగొంతు ఇంకొకరి భాషలో అప్పజెబుతుంది. లింబాద్రి ఆ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాడు. తన షుగరు, దాచిన మాత్రలు, టెంటులో మార్చిన టోకెన్. "నువ్వు నమ్మి నా చేతులో పెట్టినవ్ షిఫూ. నేను దొంగపని చేసిన. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్న జెయ్యి. గని ముందు మందు వేసుకో," అన్నాడు.

ఫోన్ చైనా భాషలో తీరిగ్గా అదంతా చదివింది. అఫ్షాన్ అప్పటికే రెండు సూదులు తీసి సిద్ధంగా పెట్టింది. ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టించి, ఇద్దరి ఇఖామా కార్డులూ, అంటే సౌదీలో ఉండనిచ్చే గుర్తింపు కార్డులు, మొహాలతో సరిచూసి, వేళ్లు పొడిచింది. "మొన్న టెంటులో వట్టి నంబర్లు కాకుండా ఇట్ల మొహాలు చూసి తీసుంటే ఈ తమాషా ఉండేది కాదు," అని తనను తానే తిట్టుకుంది. మిషన్ లింబాద్రికి నూట ముప్పై ఒకటి చూపించింది, అదీ పొద్దున రెండు రొట్టెలు తిన్నాక. షిఫూకి మూడొందల ముప్పై.

షిఫూ కుర్చీలో కూర్చుని ఆ అంకె వైపే చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీసుకుని మెల్లగా ఏదో చెప్పాడు. ఫోన్‌లోని ఆడగొంతు పంతులమ్మలా అందుకుంది.

"గౌరవనీయ మిత్రమా. గత సంవత్సరము నుండి నాకు వృద్ధాప్యము వచ్చినదని తలచితిని. కన్నులు మసకబారినవి. కాళ్లు బరువెక్కినవి. ఇక క్రేన్ విడిచి గృహమునకు పోవలెనని నిశ్చయించుకొంటిని. నా భార్యకు సైతము చెప్పలేదు. ఇది వృద్ధాప్యము కాదా? దీనికి ఔషధము కలదా?"

"ఉంది," అంది అఫ్షాన్. "బోలెడుంది."

అది విని షిఫూ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, చివరికి హెల్మెట్ ఊడి కింద పడింది. లింబాద్రి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. తిట్టే అనుకోండి, దీవెనే అనుకోండి, ఆ దెబ్బకు లింబాద్రి దగ్గు ఆగడానికి నిమిషం పట్టింది. ఫోన్ మళ్లీ అందుకుంది: "నీవు నా రక్తమును అపహరించిన మహామూర్ఖుడవు. నీకు అనేక ధన్యవాదములు."

అఫ్షాన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. లింబాద్రి నవ్వుతూ ఏడుస్తూ, ఏది ముందో తెలియక రెండూ కలిపి చేశాడు. ఎంత హాయిగా ఉందో అతనికి! రెండేళ్లుగా తలగడ కింద దాచుకున్న బరువు దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే షిఫూ నడుముకున్న వాకీటాకీ గరగరమంది. "షెన్! షెన్! ట్రక్ ఆగయా. ఊపర్ జావ్!" పన్నెండో అంతస్తు మీద పెట్టాల్సిన ఇనుప దూలాలు వచ్చేశాయి, క్రేన్ ఎక్కమంటున్నారు. షిఫూ అలవాటుగా లేచి హెల్మెట్ తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్లాడు కూడా.

లింబాద్రి అడ్డంగా నిలబడ్డాడు. "మూడొందల ముప్పైతోని యాడికి? కూసో!"

షిఫూ మెడలోని క్యాబిన్ తాళంచెవి చూపించాడు. తాను కాకపోతే ఎవరు ఎక్కుతారని ఆ చూపుకి అర్థం. కార్డున్న ఆపరేటరు ఆ సైటుకి అతనొక్కడే. లింబాద్రికి కార్డు లేదు. ఇప్పుడు చేయబోయే పనితో ఎప్పటికీ రాకపోవచ్చు. అయినా వాకీటాకీ తీసుకుని బటన్ నొక్కాడు. ఆ ఛానల్ సైటు మొత్తానికీ వినబడుతుంది.

"సేఫ్టీ మేనేజర్ సుభాన్ సార్కు చెప్తున్న. నేను లింబాద్రిని. షిఫూకు షుగర్ మూడొందలు దాటింది. ఆయన ఇయ్యాల పైకెక్కడు. గురువారం నాడు నేనే టోకెన్లు మార్చిన. తప్పు నాది, ఆయనకు తెల్వది. ఇంక మీ ఇష్టం."

సైటులో ఒక్కొక్క మిషనూ ఆగింది. క్లినిక్ వెనక రేకుల మీద, ఆ కొండల్లోంచి దిగొచ్చే కోతులు దూకుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆ తర్వాత సుభాన్ హైదరాబాదీ గొంతు బరువుగా పలికింది.

"క్రేన్ బంద్ కరో. షెన్‌ను ఆసుపత్రికి తీసుకుపోండి. లింబాద్రీ, నువ్వు సాయంత్రం నా ఆఫీసుకి రా. ఇఖామా కూడా పట్టుకొని రా."

ఇఖామా ఎందుకో లింబాద్రికి తెలుసు, ఖురూజ్ కొట్టడానికే. తల ఊపాడు. భయం వేసింది, కాదనడానికి లేదు. కానీ పక్కనున్న షిఫూ తన మెడలోంచి తాళంచెవి తీసి లింబాద్రి చేతిలో పెట్టి, ఆ చేతిని మూసి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు భయం కాస్త సర్దుకుంది.

తలుపు దబ్బుమని తెరుచుకుంది. ఇస్సాక్! బండిలోని వాకీటాకీలో అంతా విన్నాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అతన్ని చూడగానే అఫ్షాన్ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"వచ్చారా నవాబ్ సాబ్! మూడు రోజుల్నించి ఫోన్ ఎందుకెత్తట్లేదు? తెలుసా మీ రిపోర్ట్? నాలుగొందల ముప్పై ఎనిమిది! ఈ క్యాంప్ మొత్తానికి మీదే ఎక్కువ!"

"అది నాది కాదు సిస్టరమ్మా," అన్నాడు ఇస్సాక్ ఏడుపు గొంతుతో. "నాకూ ఏదో కొద్దిగా ఉండాది. డ్రైవింగ్ పోతాదని భయపడినా. లైన్లో నా ముందరోడు హెల్మెట్ తీసి పక్కన పెట్టి, కునికిపాట్లు పడతాండాడు. ఆ హెల్మెట్లో టోకెనుంటే తీసుకోని, నాది దాంట్లో పెట్టేసినా. లింబన్న మాదిరే చేసినానమ్మా. అల్లా మీదొట్టు, వానికింతుంటాదని తెల్దు."

లింబాద్రికి నవ్వాలో తన్నాలో తోచలేదు. సైటంతా కలిపి తనొక్కడే మూర్ఖుడనుకుని సిగ్గుపడ్డాడు, తోడు దొరికింది.

"ఎవరతను?" అఫ్షాన్ గొంతు మారిపోయింది. "ఇది జోక్ కాదు ఇస్సాక్ భాయ్. నాలుగొందల ముప్పై ఎనిమిది అంటే ఏ నిమిషంలోనైనా పడిపోవచ్చు. తనకేం లేదనుకుని తిరుగుతున్నాడు అతను. టోకెన్ నంబరెంత? రిజిస్టర్లో పేరు చూస్తా."

"నంబరు చూల్లేదు సిస్టరమ్మా. తియ్యడం, ఇచ్చెయ్యడం. నా నంబరూ గుర్తు లేదు. మొగానికి మాస్కుండె. చైనా మనిషి, అంతే తెల్సు. పసుపు హెల్మెట్."

అఫ్షాన్ గబగబా రిజిస్టరు తిప్పింది. ఇస్సాక్ పేరు దొరికింది గానీ, దాని అంకెతో పాటు పై వరసల పేర్లన్నీ చాయ్ మరక పడి చెదిరిపోయి ఉన్నాయి. ఆమె ఏదో గొణుక్కుంది. షిఫూ ఫోన్ తీసి అంతా చదివించుకుని విన్నాడు. విన్నకొద్దీ అతని నవ్వు తగ్గింది. పసుపు హెల్మెట్లంటే తన మనుషులే. అరవై మంది.

అతను కిటికీ రెక్క తోశాడు. సరిగ్గా పదిన్నర, చాయ్ వేళ. కొండ మీది పొగమంచు విడిపోయి ఎండ వస్తోంది. క్రేన్ కింద వేడినీళ్ల బాయిలరు ముందు పసుపు హెల్మెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. అందరూ సన్నటి మనుషులే. అందరి చేతుల్లో ఫ్లాస్కులే. ఒకడు నింపుకుని తాగుతున్నాడు. ఇంకొకడు తాగేసి మళ్లీ లైను చివర నిలబడుతున్నాడు. ఆ అరవై మందిలో యాభై తొమ్మిది మంది అలవాటుతో తాగుతున్నారు. ఒక్కడు దాహంతో తాగుతున్నాడు. కాసేపట్లో ఆ ఒక్కడు కూడా ఏ పదో అంతస్తు అంచునో నిలబడతాడు.

అఫ్షాన్ వేళ్లు పొడిచే మిషన్ సంచిలో వేసుకుంది. ఇస్సాక్ బండి తాళాలు తీశాడు. షిఫూ ఫ్లాస్కు బల్ల మీదే వదిలేసి, హెల్మెట్ పెట్టుకుని లింబాద్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నడు లింబా," అన్నాడు. "నడు."